గోధుమరంగు

రిపోర్టు మీద సంతకం పెట్టింది తనే కాబట్టి, ఇంట్లో చెప్పాల్సిన పని కూడా తనదే అయింది.

అత్తగారి గదిలో తలుపు దగ్గరగా వేసి చెప్పింది. అక్క అప్పుడు డాబా మీద బట్టలు ఆరేస్తోంది. అక్కంటే తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు, బావగారి భార్య. తడిబట్టను విదిలించే చప్పుడు, మధ్యలో దగ్గు, మళ్ళీ విదిలింపు పైనుంచి వినిపిస్తున్నాయి. ఆ దగ్గు ఆగితే గదిలో వాళ్ళు మాట ఆపేవాళ్ళు. మొదలైతే మళ్ళీ అందుకునేవాళ్ళు.

"ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్ళలో క్యాన్సర్ కణాలు కనిపించాయి," అంది. లాబ్‌లో రోజూ రాసే వాక్యమే. కాగితం మీద ఎప్పుడూ ఇంత పొడుగ్గా అనిపించలేదు.

అత్తగారు మంచం అంచు పట్టుకున్నారు. "దగ్గు నిన్నగాక మొన్న మొదలైంది కదమ్మా."

బావగారు కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నారు. మామూలుగా ఆయన ఆమెను 'గాజుముక్కల డాక్టరు' అంటారు. రోగులను చూడదు, గాజు స్లైడ్లను చూస్తుందని. ఆ పూట ఆ పిలుపు రాలేదు. "నీళ్ళలోకి వచ్చిందంటే ముదిరినట్టేగా?" అన్నారు.

"అవునండీ. కానీ అక్కడ పుట్టింది కాకపోవచ్చు, ఎక్కడినుంచో వచ్చి చేరి ఉంటుంది. రొమ్ములో పుట్టిందైతే ఒక మందు, అండాశయంలోదైతే ఒకటి, ఊపిరితిత్తిలోదైతే ఇంకొకటి. కొన్నిటికి ఇప్పుడు మాత్రలు కూడా వచ్చాయి. యాంటీబాడీలతో రంగు పరీక్షలు చేస్తే తెలుస్తుంది. మొదట తీసిన నీళ్ళు అయిపోయాయి, మళ్ళీ ఒకసారి తియ్యాలి."

"మళ్ళీ సూదా? మొన్ననే పిట్టలా వణికిపోయింది." ఆయన తల అడ్డంగా తిప్పారు. "ఎక్కడ పుడితే ఏంటమ్మా, వచ్చి కూర్చుంది కదా. దాని పుట్టిల్లు కనుక్కుని మనం చేసే మర్యాదలేముంటాయి?"

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వించాలని అన్నట్టు లేదు. ఎప్పుడూ అలా మాట్లాడటం అలవాటై, మాట ఆ దారినే వచ్చింది.

"మా ఆఫీసులో ఒకాయన భార్యకి ఇలాగే అయింది," అన్నారు మళ్ళీ. "ఉన్న జుట్టంతా పోయి, తిన్నదల్లా కక్కి, చివరికి మనిషి దక్కిందా? లేదు. అదేదో తెలియకుండా ఉన్నన్నాళ్ళు హాయిగా ఉంటే పోలా? దానికి చెప్పొద్దు. మందులూ వద్దు. దగ్గుకి ఏదో ఒకటి రాసివ్వు."

ఆమె భర్త కిటికీ దగ్గర నిలబడి ఫోను వేలితో తుడుస్తున్నాడు. "అన్నయ్య అన్నదాంట్లో తప్పేం లేదు," అన్నాడు, కిటికీకి చెప్పినట్టు.

"పిల్లాడికి కూడా ఇప్పుడే చెప్పకండి, వాడి పరీక్షలు అవనీండి," అన్నారు అత్తగారు. బావగారి కొడుకు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నిజంగానే నీళ్ళు వచ్చాయి. తుడుచుకున్న చేతినే మోకాలి మీద వేసుకుని, "ఇంత ఇల్లు. మీ పాపని స్కూలుకి తయారుచేసేదీ అదే. నువ్వేమైనా పెద్ద సెలవు పెట్టగలవా అమ్మాయ్?" అని అడిగారు.

అంతసేపట్లో గదిలో ఎవరూ తొందరపడి మాట్లాడలేదు, ఎవరూ గొంతు పెంచలేదు. ఒక మంచి కుటుంబం కూర్చుని ఒక మంచి నిర్ణయం తీసుకుంటున్నట్టే ఉంది. ఆమె తల ఊపింది. దేనికి ఊపిందో ఎవరూ అడగలేదు.

దగ్గు మెట్లు దిగి వచ్చింది. అక్క ఖాళీ బక్కెట్టుతో తలుపు తోసి లోపలికి చూసింది.

"ఏంటి, అందరూ ఒకచోట చేరారు? నన్ను గానీ అమ్మేస్తున్నారా? బేరం కుదిరితే చెప్పండి, బట్టలు సర్దుకుంటా."

అందరూ నవ్వారు. కావలసినదానికంటే ఎక్కువే నవ్వారు. అత్తగారు మంచం దిగి, "నువ్వు కాసేపు కూర్చోవే. కాఫీ నేను కలుపుతాను," అన్నారు.

అక్క బక్కెట్టు కింద పెట్టలేదు. "మీరా?" అంది.

*

నీళ్ళ నుంచి చేసినవి రెండు స్లైడ్లు. ఒకదాని మీద చిన్న తెల్లకణాలు తప్ప ఇంకేమీ లేవు. రెండోదాని అంచున మాత్రం కొన్ని గుంపులు. పెద్ద పెద్ద కేంద్రకాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ, పేరు అడక్కుండానే చెప్పేసే రకం. రెండింట్లో ఒకదాంట్లోనే ఎందుకున్నాయని ఆ రోజు ఆమెకు ఒక అనుమానం తగిలింది. మనవాళ్ళు కదా అని మెతకగా చూస్తున్నానేమో అనుకుని దాన్ని తోసేసింది. వేరే ఎవరి స్లైడైనా అయితే ఆ అనుమానాన్ని అంత తేలిగ్గా వదిలేది కాదు.

మళ్ళీ నీళ్ళు తియ్యడానికి ఇంట్లో ఒప్పుకోలేదు కాబట్టి మిగిలిన దారి ఒక్కటే, గుంపులున్న ఆ స్లైడునే ముక్కలుగా చేసి రంగు పరీక్షలు చెయ్యడం. పెద్దసారు గదిలోకి వెళ్ళి అడిగింది. ఆయన లాబ్‌కి అధిపతి, నిన్ననే ఊరి నుంచి తిరిగి వచ్చారు.

"ఉన్న ఒక్క స్లైడునీ ముక్కలు చేస్తానంటావు," అన్నారాయన. "చేసేస్తే ఇంక వెనక్కి తిరిగి చూసుకోవడానికేమీ మిగలదు. ఫొటోలు తీశావా?"

"తీశాను సార్."

"పేషెంటు ఎవరు?"

"మా తోడికోడలు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మరి రిపోర్టు నువ్వెందుకు రాశావు?"

"మీరు ఊళ్ళో లేరు సార్."

"రాకుండా ఉండిపోతానా? ఆగొచ్చుగా." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "చెయ్యి. జాగ్రత్త," అన్నారు.

ఆ పని ఆమె ఎవరి చేతికీ ఇవ్వలేదు. స్లైడు మీది పల్చటి గాజుమూతను, అంటుకున్న జిగురు కరిగించే జైలీన్‌లో నానబెట్టి, అది దానంతటదే జారేదాకా కూర్చుంది. గోటితో తొయ్యకూడదు, కణాలు మూతతోపాటు పోతాయి. మూత వచ్చాక చిక్కటి జిగురు పోసి, అవన్‌లో గట్టిపడనిచ్చి, గోరువెచ్చని నీళ్ళలో వేసింది. బ్లేడుతో ఒక మూల లేపేసరికి, కాచిన పాల మీద మీగడలాగా జిగురుపొర లేచి వచ్చింది. కణాలన్నీ ఆ పొరలోకి వచ్చేశాయి. అడుగున గాజు ఒట్టిదైపోయింది. ఆ పొరను చిన్న కత్తెరతో ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ ఒక కొత్త స్లైడు మీద అంటించింది. ముక్కకొక ప్రశ్న.

రంగుల మాస్టారు ఫ్రిజ్‌లోంచి యాంటీబాడీ సీసాలు తీసి ట్రేలో పేర్చాడు. అతను టెక్నీషియను; స్లైడ్లకు రంగులు వేసీ వేసీ చేతిగోళ్ళ చుట్టూ నీలం మరక పడిపోయింది, అందుకే ఆ పేరు.

"ఏ ఊరివాళ్ళో చెప్పమని అడుగుతున్నాం, అంతేగా మేడమ్? చెప్తాయి లెండి. ఎక్కడికి పోయి కాపురం పెట్టినా యాస పోతుందా?"

"కొన్నిటికి పోతుంది," అందామె.

"పట్నం వచ్చాక మా బావమరిదికి పోయినట్టు. వాడు మాత్రం ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడితే దొరికిపోతాడు."

ఆమె నవ్వింది. ఇంట్లో ఆ సంగతి చెప్పిన తర్వాత నవ్వడం అదే మొదలు.

అతను చెప్పింది నిజమే. ఊపిరితిత్తిలో పుట్టిన కణానికి ఒక గుర్తు ఉంటుంది, రొమ్ములో పుట్టినదానికి ఇంకొకటి. యాంటీబాడీ చుక్క వేస్తే, తన గుర్తు ఉన్న కణాన్ని వెతుక్కుని దాని మీద కూర్చుంటుంది. మిగతాది కడిగేస్తే పోతుంది. ఆ తర్వాత వేసే మందుతో, యాంటీబాడీ కూర్చున్న చోట గోధుమరంగు తేలుతుంది. గుర్తు లేని కణాలు నీలంగానే ఉండిపోతాయి. నీలంగా ఉన్నాయంటే గుర్తు లేదనా, చుక్క పనిచెయ్యలేదనా అన్న అనుమానం రాకుండా, పక్కన ఇంకో స్లైడు మీద ఆ గుర్తు ఖాయంగా ఉండే కణజాలం ముక్కను పెడతారు. అది గోధుమరంగుకు తిరిగితేనే అసలు స్లైడును నమ్మాలి.

రొమ్ముదైతే బాగుండు, అనుకుంది. దానికి మాత్రలున్నాయి. సూది లేకుండా, జుట్టు పోకుండా, రోజుకొక మాత్ర. ఆ మాత్ర చూపించి బావగారిని ఒప్పించవచ్చు. ఎవరికైనా క్యాన్సర్ ఫలానాచోట పుట్టి ఉండాలని కోరుకోవడం ఎప్పుడైనా జరిగిందా అని గుర్తు చేసుకోబోయి మానేసింది.

*

ఇంట్లో అక్కకు మర్యాదలు జరుగుతున్నాయి. తన భర్త పళ్ళు తెచ్చి నేరుగా ఆవిడ చేతికే ఇచ్చాడు. బావగారు భోజనం ముగించి కంచం తనే సింకులో పడేసి వచ్చారు. ఆ చప్పుడుకి పాప ఉలిక్కిపడి చూసింది. వంటమనిషి కోసం నాలుగు చోట్ల చెప్పి ఉంచారు.

సాయంత్రం ఆమె లాబ్ నుంచి వచ్చేసరికి అక్క వంటింట్లో నేల మీద కూర్చుని, కాగితం ముక్కలు కత్తిరించి డబ్బాలకు అంటిస్తోంది. ఉప్పు. చక్కెర. కాఫీ పొడి. గుండ్రటి అక్షరాలు. దగ్గు వచ్చినప్పుడు పెన్ను పైకెత్తి, తగ్గాక మళ్ళీ దించి రాస్తోంది.

"ఏంటక్కా ఇది?"

"అత్తయ్య రాయమన్నారు. ఏ డబ్బాలో ఏముందో ఆవిడకి కనపడి చావట్లేదట."

"నీకు తెలుసుగా ఎందులో ఏముందో."

"నాకు తెలుసు." అక్క ఒక డబ్బా మూత బిగించి పైకి అందించింది. "నువ్వు కూడా చూసి పెట్టుకో. పాప ఉదయం పాలల్లో చక్కెర ఎక్కువైతే తాగదు. అడిగితే బాగున్నాయనే అంటుంది, తాగదు."

ఆమె ఆ డబ్బాను అలమరలో పెట్టింది. చెప్పేద్దామనుకుంది. వెనకాల అత్తగారి చెప్పుల చప్పుడు వినిపించింది. చెప్పులు లేకపోయినా చెప్పేది కాదని ఆమెకు తెలుసు. ముందు రంగులు రానీ, ఏదో ఒక మందు పేరు చేతిలో ఉన్నప్పుడు చెప్పొచ్చు, ఒట్టి చేతులతో ఏం చెబుతాను అనుకుంది. ఆ అనుకోవడం ఎంతో సబబుగా అనిపించింది.

*

ఊపిరితిత్తి గుర్తు: నీలం. రొమ్ము: నీలం. అండాశయం: నీలం. పేగు: నీలం. పక్కనున్న నమూనా ముక్కలన్నీ మాత్రం కాఫీ ఒలికినట్టు చక్కగా గోధుమరంగుకు తిరిగాయి. చుక్కలు పనిచేశాయి. ఆ కణాలే ఎవరికీ బదులివ్వడం లేదు.

మైక్రోస్కోపు అద్దాల మీద ఆమె ఊపిరి మంచులా పట్టింది. తుడిచి మళ్ళీ చూసింది. తర్వాత మిగిలిన ఒక్క ముక్కనీ, ఫొటోలనీ, ఏమీ లేని ఆ మొదటి స్లైడునీ తీసుకుని పెద్దసారు గదికి వెళ్ళింది.

ఆయన నీలం స్లైడ్లను పైపైన చూసి పక్కన పెట్టారు. ఏమీ లేని స్లైడును చాలాసేపు చూశారు. తర్వాత ఫొటోలు తెరిచారు.

"ఈ గుంపు స్పష్టంగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్నవన్నీ మసగ్గా ఉన్నాయేం?"

ఆమె ఫొటో మీదికి వంగింది.

"ఇంకో ఫొటోలో చుట్టూ ఉన్నవి స్పష్టంగా ఉన్నాయి, గుంపు మసక. అంటే ఇవి వాటి మధ్యలో లేవు. వాటిపైన ఉన్నాయి." ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. "రంగు జాడీల్లో దీనికి ముందు ఎవరి స్లైడ్లు ముంచారు?"

ఆ ప్రశ్న పూర్తికాకముందే ఆమెకు ఆ మధ్యాహ్నం కళ్ళ ముందుకు వచ్చింది. రంగుల మాస్టారు భోజనానికి వెళ్ళాడు. ఒక ముసలాయన స్లైడ్లు అప్పుడే జాడీల్లోంచి బయటికి వచ్చి ఆరుతున్నాయి. ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ ఛాతీ నీళ్ళదాకా పాకిన మనిషి. ఆ నీళ్ళు గంజిలా చిక్కగా, నిండా కణాలే. అలాంటివి అన్నిటికంటే చివర ముంచాలి, ముంచాక జాడీల్లో ద్రవాలు మార్చాలి, లేకపోతే ఊడిన కణాలు అందులో తేలుతూ తర్వాత వచ్చే స్లైడుకి అంటుకుంటాయి. ఏటా కొత్తగా చేరే పిల్లలకు ఈ పాఠం చెప్పేది ఆమే. కానీ ఆ పూట అక్క స్లైడు ఆమె చేతిలో తడిగా ఉంది. వరసలో పెడితే సాయంత్రం అవుతుంది. ద్రవాలు మార్చి పోయాలంటే కొంతసేపు ఆగాలి. మనవాళ్ళది, తొందరగా చూసేద్దాం. ముంచేసింది.

"నేనే ముంచాను సార్," అంది. "ముందున్నది ప్రోస్టేట్ కేసు. జాడీలు మార్చలేదు."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "మిగిలిన ముక్కకి ప్రోస్టేట్ గుర్తు వేసి చూడు."

"ఆడమనిషికా సార్?"

"కణాలకి వెయ్యమంటున్నా."

చుక్క వేసి, తడిగుడ్డ పరిచిన పెట్టెలో ఉంచి, కడిగి, రెండో చుక్క వేసి, మళ్ళీ కడిగి, చివరి మందు పోసింది. అప్పుడిక మైక్రోస్కోపు అక్కర్లేకపోయింది. గాజు మీద ఉత్తకంటికే ఒక చోట గోధుమరంగు చుక్క పైకి వస్తోంది. అయినా చూసింది. ప్రతి కణమూ, ప్రతి కేంద్రకమూ, నిండుగా, సందేహానికి ఎక్కడా చోటు లేకుండా. ఏ ముసలాయనవో ఆ కణాలు, అక్క పేరు రాసి ఉన్న గాజు మీద, అడిగిన వెంటనే తమ ఊరు చెప్పేశాయి.

ఆమెకు నవ్వొచ్చింది. పైకే నవ్వింది. రంగుల మాస్టారు అవతలి బల్ల దగ్గర్నుంచి తలెత్తి చూశాడు. ఆ నవ్వు ఆగకముందే స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఈ స్లైడ్ల ప్రకారం క్యాన్సర్ లేదు," అన్నారు పెద్దసారు. "అసలు కణాలన్నీ చిన్న తెల్లకణాలే. ఆ దగ్గు, ఆ నీళ్ళు చూస్తే టీబీ అయి ఉండొచ్చు. మళ్ళీ నీళ్ళు తీసి తేల్చుకోవాలి. టీబీ అయితే మందులు వాడితే పోతుంది. పట్టించుకోకుండా వదిలేస్తేనే మనిషిని తినేస్తుంది." ఆయన ఆగి, భయంగా అడిగారు: "నా రిపోర్టు చూసి, అదే, నీ రిపోర్టు చూసి, చికిత్స ఏమైనా మొదలెట్టేశారా?"

"లేదు సార్. ఏమీ మొదలెట్టలేదు."

"అమ్మయ్య." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "మీ వాళ్ళు నెమ్మదస్తులు. ఇంకెవరైనా అయితే ఈపాటికి కీమో ఎక్కించేసేవాళ్ళు. సవరించిన రిపోర్టు నువ్వే రాయి. ఎందుకు సవరించావో కూడా రాయి."

రాసింది. పొరపాటు జరిగిన విధానం ఉన్నదున్నట్టు రాసింది. తన పేరు దగ్గర చెయ్యి ఆగలేదు. అది పెద్ద కష్టంగా అనిపించలేదు. 'మీ వాళ్ళు నెమ్మదస్తులు' అన్నమాటకు మాత్రం బదులు చెప్పలేకపోయానని మెట్లు దిగేదాకా అనుకుంటూనే ఉంది.

*

మళ్ళీ అదే గది, అవే కుర్చీలు. ఈసారి అక్క వంటింట్లో ఉంది.

చెప్పడం పూర్తికాగానే అత్తగారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. బావగారు లేచి గదిలో అటూ ఇటూ నడిచి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డారు. ఆయన మొహం నిజంగా వెలిగిపోతోంది.

"చూశావా? నువ్వేమో మందులన్నావు, మాత్రలన్నావు. ఆ రోజు నేను అడ్డంపడకపోతే ఏమైపోయేది? లేని జబ్బుకి మందులు ఎక్కించి చంపుకునేవాళ్ళం. నా మాట విన్నాం కాబట్టి బతికి బట్టకట్టింది." భుజం తట్టబోయి మానేసి, "గాజుముక్కల డాక్టరూ! ఈసారి ఆ అద్దాలు తుడుచుకుని చూడమ్మా," అన్నారు.

ఆమె పొరపాటు ఆమెది. దానికి ఆయన మాట పడాల్సిందే. కానీ ఆయన తన మాటను పతకంలా తగిలించుకుని తిరుగుతుంటే, దాన్ని పీకిపారేసే హక్కు తనకు లేకుండా పోయిందని అప్పుడు అర్థమైంది.

"టీబీ అన్నావు," అన్నాడు భర్త. ఫోను జేబులో పెట్టేశాడు. "అది అంటుకుంటుంది కదా? పాప రోజూ వదిన పక్కలోనే పడుకుంటోంది."

"ఇంకా తేలలేదు. ఊపిరితిత్తి బయట నీళ్ళలోదైతే మామూలుగా అంటుకోదు."

"మామూలుగా అంటే? నువ్వు ఖాయంగా చెప్పలేవుగా."

అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. "తేలేదాకా కంచం, గ్లాసు వేరే పెడదాం. ఆ వంటమనిషి సంగతేమైందో రేపు కనుక్కోరా. దగ్గుతూ వండుతుంటే ఎలా?" అని, గొంతు తగ్గించి, "పోనీలే, మంచిదే అయింది. ఆ మొదటి గొడవంతా దాని చెవిన పడలేదు. ఇంక చెప్పక్కర్లేదు కూడా," అన్నారు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. వెనకాల ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఆగలేదు.

అక్క గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే, "కాదుగా?" అంది.

"విన్నావా?"

"ఇప్పుడు వినలేదు. బయట నీ నడక విన్నా. మొన్న ఈ గుమ్మం దాకా వచ్చినప్పుడు నీ కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాయి."

ఆమె ఎదురుగా కింద కూర్చుంది. అంతా చెప్పింది. జాడీలు, ముసలాయన, తొందర, ముంచడం, రేపు మళ్ళీ నీళ్ళు తియ్యాలన్న సంగతి. అక్క మధ్యలో ఒకటి రెండు అడిగింది, ఆ ముసలాయన ఇంకా ఉన్నాడా, ఆయనకి ఎవరున్నారు అని. ఈనె తీసిన కాయను రెండుగా తుంచి గిన్నెలో వేస్తూనే ఉంది.

"తొందరపడ్డావు. నాకోసమేగా తొందరపడ్డావు," అంది చివరికి. "దానికేం."

ఆమె ముందుకు జరిగింది. అక్క చెయ్యి పట్టుకోబోయింది. అక్క చేతిలో చిక్కుడుకాయ ఉంది.

"నాకు మొదటి రోజే తెలుసు," అంది అక్క. "అత్తయ్య గది వెంటిలేటర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. డాబా మీద తీగ దగ్గర నిలబడితే గదిలో మాటలన్నీ వినపడతాయి. నీకు తెలీదు, నువ్వెప్పుడూ బట్టలు ఆరెయ్యలేదుగా. దగ్గు ఆపితే మీరు మాటలు ఆపేస్తున్నారు. అందుకని రాని దగ్గు కూడా దగ్గుతూ నిలబడ్డా."

గిన్నెలో కాయ పడిన చప్పుడు.

"ఆయన అన్నదానికి నేనేమీ అనుకోలేదు. ఆయనతో ఇన్నేళ్ళు ఉన్నాను, కొత్తేముంది? మీ ఆయన అన్నదీ విన్నా. అత్తయ్య సెలవు అడగడమూ విన్నా." ఒక కాయకు ఈనె సగంలో తెగింది. రెండో వైపు నుంచి లాగింది. "వాళ్ళు వద్దన్నాక నీ మాటే వినపడలేదు. ఏమంటావో అని చూశాను. మర్నాడు వచ్చి చెప్తావనుకున్నా. డబ్బాలకి కాగితాలు అంటించిన రోజు చెప్తావనుకున్నా. ఆ గదిలో ఏం చేశావు నువ్వు?"

అబద్ధం చెప్పడానికి చాలా చోటుంది. మళ్ళీ నీళ్ళు తీద్దామని అడిగిన మాట నిజం. గాజు మీది పొర ఊడదీసి రోజుల తరబడి పరీక్షలు చేసిన మాట నిజం. ఆ నిజాలన్నీ నాలుక దాకా వచ్చాయి.

"తల ఊపాను," అంది.

అక్క గిన్నె పట్టుకుని లేచింది. కొళాయి తిప్పి కాయలు కడిగింది. నీళ్ళు ఒంపి, మళ్ళీ పట్టి, మళ్ళీ కడిగింది.

"రేపు నీళ్ళు తీసేది ఏ గదిలో?"

"నేను తీసుకెళ్తానక్కా. పొద్దున్నే కలిసి..."

"గది చెప్పు చాలు."

*

మర్నాడు ఆమె లాబ్ నుంచి కావాలనే ఆ వరండాలోకి వచ్చింది. కౌంటరు ముందు బెంచీల మీద జనం ఉన్నారు. ఒక్కొక్క రోగి చుట్టూ ఇద్దరు ముగ్గురు. ఒకరి చేతిలో ఎక్స్‌రే, ఒకరి చేతిలో నీళ్ళ సీసా, ఇంకొకరు ఊరికే భుజం మీద చెయ్యి వేసి. అక్క చివరి బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. ఆమెను చూసింది. చూసి, గోడ మీది గడియారాన్ని ఎలా చూసిందో అలాగే చూపు తిప్పుకుంది.

పిలిచినప్పుడు అక్క లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

"వెంట ఎవరొచ్చారమ్మా?" అని అడిగింది కౌంటరు అమ్మాయి.

"ఎవరూ రాలేదు."

"సూది పెట్టే ముందు ఎవరైనా సంతకం పెట్టాలి కదా."

"పెట్టేది నాకే. నేను పెట్టకూడదా?"

"పెట్టొచ్చు. అందరూ మా వాళ్ళు పెడతారంటారు, అందుకని అడిగా." అమ్మాయి కాగితం తిప్పి ఇచ్చి, తలెత్తి, వెనకాల తెల్లకోటులో నిలబడ్డ ఆమెను గమనించింది. కాగితం మీది పేరు మళ్ళీ చూసింది. "మేడమ్, వీళ్ళ ఇంటిపేరూ మీదీ ఒకటే! మీ బంధువులా?"

ఆమె ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచింది.

"ఒకే ఇంట్లో ఉంటాం," అంది అక్క, సంతకం పెడుతూ. పెన్ను మూత పెట్టి వెనక్కి ఇచ్చింది. సంచి భుజానికి తగిలించుకుని, సూదులు గుచ్చే గది తలుపు తనే తోసుకుని లోపలికి వెళ్ళింది.